అడిగి కొట్టిన గండి

రత్నమాణిక్యం మాట మీద మొగలిలంక ఊరంతా కలిసి తమ చెరువు గట్టుకు తామే గండి కొట్టుకుంది. ఆ మాటకు ఆమె ఏం చెల్లించుకుందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె ఎదుట మాత్రం ఎవరూ ఆ ఊసెత్తరు.

మొగలిలంక కొల్లేటి నడుమ చిన్న ఊరు. ఏలూరు నుంచి వచ్చే ఆటో కట్ట మీద దింపేస్తే అక్కడి నుంచి ఎండాకాలమైతే నడక, వానాకాలమైతే దోనె. ఊరివాళ్ళ సొంత పట్టా ఉన్న జిరాయితీ భూములన్నీ కలిపి పెద్దల నాడు తవ్వించిన చేపల చెరువు ఒకటి ఊరిని ఆనుకుని ఉండేది. పేరుకది ఊరి చెరువే. చేసేది మాత్రం లీజుదారు. భీమవరం వైపు నుంచి ఎవరో ఒక ఆసామి వచ్చి ఉగాదికి లీజు కట్టి, బొచ్చె పిల్లల్నీ శీలావతి పిల్లల్నీ వదిలి, మేతలు వేసి, మందులు చల్లి, చేప ఎదిగాక లారీలకెత్తించుకుని పోయేవాడు. లీజు డబ్బు పంచుకోవడం, సొంత చెరువు మీద కూలికి పోవడం, ఇవే ఊరివాళ్ళ పనులు. చెరువు నీళ్ళు మార్చినప్పుడల్లా ఆ మురుగంతా కొల్లేట్లోకి పోయేది. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే అయినా, బిందెలో పోసుకోవడానికి ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సిందే.

కొడుకు దుర్గేష్ పుట్టిన కొన్నాళ్ళకే రత్నమాణిక్యం భర్త పోయాడు. అప్పటి నుంచి ఆమెకు కొండంత అండ పక్కింట్లో ఉన్న అన్న గంగరాజు. గంగరాజు మెతక మనిషి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వెదురుపుల్లలు చీల్చి చేపలు పట్టే మావులు అల్లుకుంటూ, వచ్చిపోయేవాళ్ళని నవ్వుతూ పలకరించేవాడు. చెరువులొచ్చాక ఆ మావులు వేసే చోటే కరువైపోయింది. అయినా అల్లడం మానలేదు. "ఎవరికమ్ముతావయ్యా ఇవన్నీ?" అని భార్య మంగాయమ్మ విసుక్కుంటే, "చేతులూరుకోవే" అనేవాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పద్మప్రియ ఏలూరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. లీజు డబ్బులో వాళ్ళ వాటా అంతా ఆ చదువుకే పోయేది.

ఊరికి సాయం చేస్తామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. ఒకరు ఆడవాళ్ళకి కుట్టుమిషన్లిచ్చారు. లంకలో బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేక అవి తుప్పు పట్టాయి. ఒకరు పక్షుల్ని కాపాడండని బోర్డులు పెట్టి వెళ్ళారు. ఇంకొకరు గట్టు పొడుగునా మొక్కలు నాటి, ఫొటోలు తీయించుకుని, నీళ్ళు పోసేవాళ్ళని పెట్టడం మర్చిపోయారు. అందరూ ఏం చెయ్యాలో ముందే నిర్ణయించుకుని వచ్చినవాళ్ళే. అందుకే నిహారిక మొదటిసారి వచ్చినప్పుడు మహిళా సంఘం వాళ్ళెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నిహారికది తాడేపల్లిగూడెం. తండ్రి శేషగిరిరావుకి అక్కడ ఉల్లిపాయల కమీషన్ కొట్టు. ఆ పిల్ల పర్యావరణమేదో చదివి, ఒక పైదేశం సొమ్ముతో నడిచే ప్రాజెక్టులో చేరి, ఏలూరు ఆఫీసులో పనిచేస్తోంది. సంఘానికి పెద్ద రత్నమాణిక్యమే కాబట్టి ఆమె ఇంటి అరుగు మీదే కూర్చుంది.

"ఏం చెయ్యాలో చెప్పడానికి రాలేదండీ. ఏం చేస్తే ఈ సరస్సూ మీరూ బాగుంటారో మీ నోటి వెంట వినడానికొచ్చాను" అంది.

రత్నమాణిక్యం నవ్వింది. "ముందందరూ అలాగే అంటారండీ అమ్మాయిగారూ. ఆనక సంచిలోంచి కాగితాలు తీస్తారు."

నిహారిక తన సంచి తీసి ఆమె ముందు బోర్లించింది. నీళ్ళ సీసా, గొడుగు, పాత న్యూస్‌పేపర్లో చుట్టిన ఉల్లిపాయలు దొర్లాయి. "ఖాళీ చేతుల్తో ఎవరింటికీ వెళ్ళకూడదన్నారండీ మా నాన్నగారు" అంది సిగ్గుపడుతూ. అరుగు మీదున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. గంగరాజు కూడా అల్లుతున్న మావు పక్కన పెట్టి నవ్వాడు.

ఆ పిల్ల ఆ రోజుతో ఆగలేదు. వర్షం పడినా వచ్చేది, ఎండ కాసినా వచ్చేది. వచ్చి కూర్చుని వినేది. ఒకరోజు ఆ మాటా ఈ మాటా అనుకుంటుంటే రత్నమాణిక్యమే అనేసింది. "మా చిన్నప్పుడు ఈ చెరువున్న చోట నీళ్ళు కదిలేవండి. మట్టగిడసలు, గొరకలు, బొమ్మిడాయిలు మావుల్లో వాటంతటవే పడేవి. ఆ గట్టు లేకపోతే మళ్ళీ కొల్లేరు లోపలికొస్తుంది. కానీ లీజు పోతే తినేదేంటండీ? చేప తిరిగి రావడానికి మూడేళ్ళన్నా పడుతుంది. ఆ మూడేళ్ళు మమ్మల్నెవరు చూస్తారు?"

నిహారిక ఆ మాట పట్టుకుపోయింది. ఏలూరు ఆఫీసులో, ఢిల్లీలో, ఆ దేశంలో ఎన్ని మీటింగులు పెట్టారో గానీ, చివరికి సరేనన్నారు. మూడేళ్ళపాటు ఏటా ఉగాదికి లీజంత సొమ్ము ప్రాజెక్టే ఇస్తుంది. ఊరు గట్టు తెంచుకోవాలి. ఎక్కడ తెంచాలో, ఎప్పుడు తెంచాలో, చేప ఎవరెక్కడ పట్టుకోవాలో అంతా ఊరే నిర్ణయించుకుంటుంది. "సాయమంటే ఇన్నాళ్ళూ మేం గీసిన గీత మీద మీరు నడవడమండీ. ఇప్పుడు గీత మీరు గియ్యండి" అంది నిహారిక. అంటున్నప్పుడు ఆమె కళ్ళు వెలిగిపోవడం రత్నమాణిక్యం చూసింది. ఆ వెలుగే తనకీ అంటుకుంది కాబోలు, ఇల్లిల్లూ తిరిగింది. ఒప్పుకోనివాళ్ళతో వాదించింది, బతిమాలింది. అందరికంటే గట్టిగా మొండికేసింది మంగాయమ్మ.

"నా కూతురి చదువు మధ్యలో ఉంది వదినా. పైదేశం వాళ్ళ మాట నమ్మి గట్టు తెంచుకుంటామా?"

"వాళ్ళ మాట కాదొదినా. నా మాట నమ్ము."

మంగాయమ్మ మొగుడి వైపు చూసింది. గంగరాజు చెల్లెలి వైపు చూశాడు. "మాణిక్యం అన్నాక ఇంకేంటే" అన్నాడు.

ఆ ఎండాకాలం చెరువు ఎండగట్టి లీజుదారు చివరి పట్టుబడి పట్టుకుపోయాక, ఊరంతా గట్టు మీదికి చేరింది. మొదటి గునపం పోటు గంగరాజు వేశాడు. తర్వాత మగవాళ్ళు పారలు పట్టారు, ఆడవాళ్ళు తట్టలెత్తారు. మిషను పిలిపిస్తే ఒక్క పూటలో అయిపోయే పని. అయినా ఎవరూ మిషను మాటెత్తలేదు. తొలకరి దాటి వరద పోటెత్తగానే కొల్లేరు ఆ గండిలోంచి లోపలికి వచ్చింది. ఎర్రగా, నురుగుతో, ఎన్నాళ్ళకో పుట్టింటికొచ్చిన ఆడపడుచులా గలగలమంటూ వచ్చింది. గంగరాజు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చిన్నపిల్లాడిలా రెండు చేతులతో నీళ్ళు ఎగజల్లాడు.

ఆ ఏడు ఊరి కళే మారిపోయింది. మందుల కంపు పోయింది. తుంగా కిక్కిసా మొలిచాయి. చలికాలానికి నత్తగుల్ల కొంగలు దిగాయి. గూడబాతులు గుంపులుగా వచ్చి గండి దగ్గర వరసకట్టి చేపల్ని తరిమేవి. చేప ఇంకా చిన్నదే, పడేది కొంచెమే. కానీ మావు ఎత్తితే లోపల ఏదో ఒకటి తుళ్ళిపడేది. ఒంటరి ఆడవాళ్ళు కూడా దోనెలేసుకుపోయి కూరకి తెచ్చుకునేవారు. గంగరాజు అల్లిన మావులకి మళ్ళీ గిరాకీ వచ్చింది. ఆ దేశం నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికొచ్చారు. రత్నమాణిక్యం వండిన బొమ్మిడాయిల పులుసు తిని, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇక ముందు ఎక్కడ సాయం చేసినా ఇలాగే చేస్తామని, మొగలిలంక పేరు తమ దేశంలో చెబుతామని అన్నారు. మొదటి ఏడాది సొమ్ము చెప్పినట్టే వచ్చింది. పద్మప్రియ రెండో సంవత్సరంలో చేరింది.

మాఘమాసంలో ఒకరోజు నిహారిక వచ్చింది. అరుగెక్కకుండా వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏంటండీ అమ్మాయిగారూ, ఒంట్లో బాలేదా?"

"ప్రాజెక్టు ఆగిపోయిందండీ."

రత్నమాణిక్యానికి అర్థం కాలేదు. "ఆగడమంటే? వర్షాలదాకానా?"

"లేదండీ. అక్కడ ప్రభుత్వం మారింది. బయటి దేశాలకిచ్చే సాయం తగ్గించుకుంటున్నారు. ఆఫీసు మూసేస్తున్నారు. ఉగాదికి సొమ్ము రాదండీ."

గంగరాజు చేతిలో వెదురు పుల్ల ఆగింది. మంగాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మావల్ల ఏదన్నా పొరపాటు జరిగిందాండీ?" అడిగింది రత్నమాణిక్యం.

"ఏమీ జరగలేదండీ. మీరన్నీ సరిగ్గా చేశారు."

"మరి ఆపేముందు మమ్మల్నడిగారా?"

నిహారిక తల అడ్డంగా ఊపింది.

"అడిగి మొదలుపెట్టారు కదండీ. ఆపేటప్పుడు అడగరా?"

ఏడిస్తే వీళ్ళకి తనని ఓదార్చే పని కూడా పడుతుందని కాబోలు, ఆ పిల్ల పెదవి బిగబట్టి నిలబడింది. మంగాయమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఉగాది వచ్చింది, పోయింది. నిహారిక పైవాళ్ళందరికీ మొరపెట్టుకుంది. ఇంకో సంస్థని అడిగింది, మరో దేశాన్ని అడిగింది. వచ్చే ఏడాది చూద్దామన్నవాళ్ళే గానీ ఈ ఏడాది గడిచే దారి చూపినవాళ్ళు లేరు. కొల్లేట్లో చేప ఎదుగుతోంది, అది నిజం. కానీ ఊరు బతికేంత ఎదగాలంటే ఇంకా రెండు వానలు కురవాలి. కడుపు అన్నాళ్ళు ఆగదు. మగవాళ్ళు ఒక్కొక్కరే బయటి చెరువుల మీద పనులకి బయల్దేరారు. దుర్గేష్ ఏలూరులో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. గంగరాజుకి భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా పని దొరికింది. చెరువు గట్టు మీద రేకుల పాకలో ఉండాలి, నీళ్ళలో గాలి కొట్టే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి.

బయల్దేరే రోజు చెల్లెలి గుమ్మం దగ్గరకొచ్చాడు.

"వద్దన్నయ్యా" అంది రత్నమాణిక్యం. "ఈ వయసులో కరెంటు మిషన్ల దగ్గర నీకెందుకు? పద్మ చదువు సంగతి నేను చూస్తాను."

"ఎక్కణ్ణుంచి చూస్తావే, నీ కొడుకే ఐసు మోస్తుంటే?" నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వాపాడు. "నువ్వు చెప్పావని మొహమాటపడి గునపం పట్టాననుకుంటున్నావేమో. నాకూ నచ్చే పట్టాను. నీళ్ళొచ్చిన రోజు చూశావుగా నన్ను? ఆ రోజు చాలు నాకు. మనసు కష్టపెట్టుకోకు."

ఫోన్ చేసినప్పుడల్లా పద్మ కబురు అడిగాక, నీళ్ళెంతొచ్చాయి, పిట్టలు దిగాయా అని అడిగేవాడు. ఇక్కడ పిట్ట వాలితే తరమడమే నా ఉద్యోగమే అని నవ్వేవాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ ఉదయం రత్నమాణిక్యం దోనెలో ఉంది. కిక్కిస పక్కన మావు ఎత్తుతోంది. బరువుగా తగిలింది. నల్లగా నిగనిగలాడే కొర్రమీను. ఇన్నాళ్ళకి ఇంత చేప పడిందని, అన్నకి చెబితే ఎంత సంబరపడతాడో అనుకుంటోంది. అంతలో గట్టు మీంచి కేక వినబడింది. ముందురోజే ఇంటికొచ్చిన దుర్గేష్ పరిగెత్తుకొస్తున్నాడు. చేతిలో ఫోనుంది.

గాలివానకి ఏరియేటర్ ఆగింది. గంగరాజు చూడ్డానికి నీళ్ళలోకి దిగాడు. తీగ ఒకటి ఊడి నీళ్ళలో పడి ఉంది. ఇంతే చెప్పారు అవతలివాళ్ళు.

రత్నమాణిక్యం చేతిలో మావు జారి నీళ్ళలో పడింది. చేప పోయిన సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

ఆస్పత్రిలో పోస్టుమార్టం పూర్తయ్యాక రత్నమాణిక్యం, దుర్గేష్ గంగరాజుని వ్యానులో కట్టదాకా తెచ్చారు. వరద నిండుగా ఉంది. అక్కణ్ణుంచి పడవ మీద ఊళ్ళోకి తేవాలి. చుట్టూ తిరిగి వస్తే చీకటి పడుతుంది. గండిలోంచి వస్తే దగ్గర. పడవ గండిలోంచే వచ్చింది. తను మొదటి పోటు వేసిన చోటు దాటుకుని, తెల్లగుడ్డ కప్పుకుని, గంగరాజు ఇంటికి వచ్చాడు. ఒడ్డున మంగాయమ్మ నిలబడి ఉంది. ఏడవలేదు. పడవ దిగుతున్న ఆడబిడ్డ వైపు చూసి, "నువ్వు తవ్వించిన దారినే వచ్చాడే మీ అన్న" అంది.

ఆ తర్వాత ఆమె రత్నమాణిక్యంతో మాట్లాడలేదు. గోడకవతల గిన్నెల చప్పుడు వినిపించేది, దగ్గు వినిపించేది. ట్యాంకరు దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. రత్నమాణిక్యం కూర వండి గుమ్మంలో పెడితే, ఆ గిన్నె అలాగే మూత తియ్యకుండా మర్నాడు ఆమె గుమ్మంలో ఉండేది. తిట్టినా బాగుండుననుకునేది రత్నమాణిక్యం. జుట్టు పట్టుకుని కొట్టినా ఓర్చుకునేది. ఈ మౌనం మాత్రం తట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

పెద్దకర్మ అయ్యాక నిహారిక వచ్చింది. ఆఫీసు మూసేశారు. ఇప్పుడామె తండ్రి కొట్లోనే కూర్చుంటోంది. మంగాయమ్మ చాప వేసి, "కూర్చోండమ్మా" అని మర్యాదగా మంచినీళ్ళిచ్చింది. పద్మప్రియ చదువు పూర్తయ్యేదాకా ఖర్చు తాను చూసుకుంటానని నాన్నగారు చెప్పమన్నారని నిహారిక మెల్లగా అంది.

"వద్దండమ్మా" అంది మంగాయమ్మ. గొంతులో కోపం లేదు. "మీ నాన్నగారు మంచివారేనండి. కానీ ముందొకసారి ఒప్పుకున్నాం కదండీ."

పద్మప్రియ చదువాపేసి ఏలూరులో మందుల షాపులో పనికి కుదిరింది.

నిహారిక వెళ్ళిపోతుంటే రత్నమాణిక్యం దోనెలో కట్టదాకా దింపింది. "మీ తప్పు కాదండీ అమ్మాయిగారూ" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాదైతే దిద్దుకునేదాన్నండీ" అంది నిహారిక నీళ్ళ వైపు చూస్తూ. "ఎవరిదో కూడా తెలియని తప్పు. ఎవరిని పట్టుకుని అడగాలండీ?"

సంక్రాంతి వెళ్ళాక ఊరు సమావేశమైంది. మాట ఎత్తింది దుర్గేష్. భీమవరం ఆసామి ఒకడు లీజుకి సిద్ధంగా ఉన్నాడనీ, గండి పూడ్పించే ఖర్చు కూడా ఆ ఆసామే పెట్టుకుంటానంటున్నాడనీ చెప్పాడు. "మా అమ్మకి కోపమొచ్చినా సరేనండి, ఇక మన వల్ల కాదు" అన్నాడు, తల్లి వైపు చూడకుండా.

ఒంటరి ఆడవాళ్ళు కొందరు గొణిగారు. మావుల్లో చేప పడుతోంది కదా, ఇంకో ఏడాది ఓపిక పడదామా అన్నారు. అందరి చూపూ రత్నమాణిక్యం మీదికి తిరిగింది. ఆమె లేచి మాట్లాడితే ఇప్పటికీ వినేవాళ్ళున్నారు. ఏమనాలో కూడా ఆమె అనుకుని వచ్చింది. లేవబోతుంటే వెనక నుంచి మంగాయమ్మ గొంతు వినిపించింది. అంతమంది ముందు ఆమె మాట్లాడడం అదే మొదలు.

"పూడ్చెయ్యండి. కొంగలొచ్చాయి, చేపలొచ్చాయి, నేను కాదనను. బాగానే ఉంది. మా ఆయనకి కూడా బాగానే ఉండేది. కానీ ఈ చెరువే ఉండుంటే ఆయన ఊళ్ళోనే కూలికి పోయి, చీకటి పడేసరికి ఇంటికొచ్చేవాడు. ఇంకొకరి మొగుణ్ణి ఆ ఉండి చెరువుల మీదికి పంపొద్దు."

పూడ్చాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు ఊరి పెద్దమనిషి. ఒక్కొక్క చెయ్యీ లేచింది. రత్నమాణిక్యం తన చేతుల వైపు చూసుకుంది. మావులెత్తి ఎత్తి కాయలు కాచిన చేతులు. కుడి చెయ్యి పైకెత్తింది. అది చూసి, గొణిగిన ఆడవాళ్ళు కూడా ఎత్తేశారు. వెనక్కి తిరిగి మంగాయమ్మని చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

వైశాఖంలో నీళ్ళు తగ్గాక పొక్లెయిన్ వచ్చింది. ఊరంతా పారలు పట్టి తవ్విన గండిని పూడ్చడానికి డ్రైవరొక్కడే వచ్చాడు. వెళ్ళొద్దనుకుంటూనే రత్నమాణిక్యం వెళ్ళింది. లోపల మిగిలిన కొద్దిపాటి నీళ్ళలో చేపలు కొట్టుకుంటుంటే కుర్రాళ్ళు బుట్టలతో ఎత్తుకుంటున్నారు. రెండు తీతువు పిట్టలు మిషను చుట్టూ తిరుగుతూ ఒకటే గోల పెడుతున్నాయి. డ్రైవరు బండి ఆపి కిందికి తొంగి చూశాడు.

"ఇక్కడ గుడ్లున్నాయండి. ఏం చెయ్యమంటారు?"

దుర్గేష్ తల్లి వైపు చూశాడు. ఆమె కిందికి దిగింది. ఎండిన మట్టిలో చిన్న గుంట, మచ్చల మచ్చల గుడ్లు. వాటిని కొంగులోకి తీసుకుని, గట్టుకి దూరంగా పోయి, కాలి మడమతో గుంట చేసి అందులో పెట్టింది. తీతువులు ఆమె నెత్తి మీదికి దూసుకొచ్చాయి గానీ ఆ గుంట దగ్గర వాలలేదు. మనిషి మార్చిన గూటికి అవి రావని ఆమెకి తెలుసు. అయినా ఎండ నెత్తికెక్కేదాకా దూరంగా నిలబడి చూసింది.

"కానివ్వు బాబూ" అంది డ్రైవరుతో.

సాయంత్రానికి గట్టు ఏకమైంది. వానల ముందే బొచ్చె పిల్లలు దిగాయి, మేత బస్తాలు దిగాయి, మందుల డబ్బాలు దిగాయి. ఆ చలికాలం గూడబాతులు వచ్చాయి. ఊరి మీద ఒక చుట్టు తిరిగాయి. పూడ్చిన గండి మీద కాపలావాడు డబ్బా వాయించాడు. పడమటి వైపు వెళ్ళిపోయాయి. దుర్గేష్ ఐసు ఫ్యాక్టరీ మానేసి ఇంటికొచ్చాడు, చెరువు మీద పనికి కుదిరాడు. కొడుకు కళ్ళెదుట ఉన్నాడన్న తృప్తి రత్నమాణిక్యానికి కలిగింది. ఆ తృప్తి కలిగినందుకు సిగ్గూ కలిగింది.

మరుసటి ఏడు నిహారిక ఫోన్ చేసింది. వేరే దేశం వాళ్ళొచ్చారట, మొగలిలంక సంగతి విన్నారట, ఊరివాళ్ళతో మాట్లాడాలంటున్నారట. "మీకిష్టం లేకపోతే రావద్దని చెప్పేస్తానండీ" అంది. రమ్మంది రత్నమాణిక్యం. ఊళ్ళోవాళ్ళకీ చెప్పింది. ఎవరూ రాలేదు. కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేస్తే ఆమె ఒక్కతే కూర్చుంది.

వచ్చినాయన వయసు మళ్ళినవాడు, శాంతంగా ఉన్నాడు. నిహారిక ఆయన మాట తెలుగులోనూ ఈమె మాట ఇంగ్లీషులోనూ చెబుతోంది. ఏం జరిగిందో అంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఇప్పుడు మీకేం కావాలని అడిగాడు.

"నాకేం వద్దండి" అంది రత్నమాణిక్యం. "గట్టు తెంచడం మంచిదేనండి, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఈసారి తెంచాలంటే, గునపం వేసే ముందే మూడేళ్ళ సొమ్మూ మా సంఘం బ్యాంకులో ఉండాలి. మీ దేశంలో రాజు మారినా మంత్రి మారినా వెనక్కి తీసుకోడానికి లేకుండా ఉండాలి. ఒకవేళ వెళ్ళిపోవాల్సొస్తే ఈ అమ్మాయిగారితో చెప్పించకూడదు. ఆ నిర్ణయం చేసినవాళ్ళే ఇక్కడికొచ్చి, మా వదిన ఇంటి ముందు నిలబడి చెప్పాలి."

నిహారిక ఆ చివరి మాట కూడా వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. ముందే మొత్తం ఇవ్వడానికి తమ రూల్స్ ఒప్పుకోవన్నాడు ఆయన. అబద్ధం చెప్పడం తనకిష్టం లేదన్నాడు.

"నిజం చెప్పినందుకు దణ్ణమండి" అంది రత్నమాణిక్యం. "ఆ రూల్స్ మార్చుకుని రండి. అప్పుడు ఊరిని నేనే పిలుస్తాను."

వాళ్ళని కట్టదాకా సాగనంపి ఇంటికొచ్చేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. బిందె పట్టుకుని వరసలో నిలబడింది. ముందు మంగాయమ్మ ఉంది. ఎప్పటిలా పక్కకి జరుగుతుందేమోనని రత్నమాణిక్యమే రెండడుగులు వెనక్కి వేసింది.

"వచ్చినోళ్ళు ఏమన్నారు?" అంది మంగాయమ్మ, ఇటు తిరక్కుండానే.

రత్నమాణిక్యానికి ముందు అది తనని అడిగిన మాటని తోచలేదు. "ముందు డబ్బియ్యడానికి రూల్స్ ఒప్పుకోవంటొదినా."

"నువ్వేమన్నావు?"

"మార్చుకుని రమ్మన్నాను."

మంగాయమ్మ బిందె నిండింది. రెండు చేతులతో ఎత్తి నడుం మీద పెట్టుకుని ఇంటి దారి పట్టింది. బిందె అంచు నుంచి నీళ్ళు చిందుతూ ఆమె వెనకాలే దారి తడిసింది. వెనకనున్నవాళ్ళు "కానియ్యండి పిన్నీ" అంటే, రత్నమాణిక్యం ఉలిక్కిపడి ముందుకు జరిగి, పైపు కింద తన బిందె పెట్టింది.